గుండెలో గుసగుస

బడిలో వైద్య పరీక్ష జరిగే రోజు మీకు తెలుసు కదా! ఎత్తు, బరువు చూస్తారు. కళ్లు, పళ్లు చూస్తారు. ఆ తరువాత డాక్టరుగారు స్టెతస్కోపును ఛాతీ మీద ఆనించి, "మాట్లాడకు, కాసేపు ఊపిరి బిగబట్టు" అంటారు. ఇంతకీ ఆయన ఏం వింటున్నట్లు?

కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఇద్దరికి "గుండెలో మర్మర ధ్వని ఉంది. పెద్దాసుపత్రిలో చూపించాలి" అని చీటీ రాసిచ్చారు. అబ్బాయి ఆ రోజు నుంచే కబడ్డీ మానేసి మూల కూర్చున్నాడు. అమ్మాయి చీటీని పుస్తకంలో దాచేసింది. ఇద్దరూ పొరపాటే చేశారు. ఎందుకో చూద్దాం.

తలుపుల చప్పుడు

గుండెలో నాలుగు గదులున్నాయని చదువుకున్నారు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. రక్తం వెనక్కి రాకుండా నాలుగు కవాటాలు తలుపుల్లా పనిచేస్తాయి. జఠరికలు ముడుచుకోగానే, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న రెండు కవాటాలు మూసుకుంటాయి. అప్పుడు వినిపించేది "లబ్". రక్తం ధమనుల్లోకి వెళ్లాక, బృహద్ధమని, పుపుస ధమనుల మొదట్లో ఉన్న కవాటాలు మూసుకుంటాయి. అది "డబ్". నిమిషానికి 72 సార్లు చొప్పున కొట్టుకుంటే రోజుకు లక్షసార్లకు పైనే ఈ తలుపులు తెరుచుకుని మూసుకుంటాయన్నమాట!

కాలువ చెప్పే పాఠం

పంటకాలువ గట్టున నిలబడి చూడండి. వెడల్పుగా ఉన్నచోట నీరు చప్పుడు లేకుండా సాగిపోతుంది. అదే నీరు ఇరుకు తూములోంచి దూకేచోట సుడులు తిరుగుతూ హోరు పెడుతుంది. రక్తమూ అంతే. కవాటం సన్నబడినా, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారినా, గదుల మధ్య గోడలో రంధ్రం ఉన్నా ప్రవాహం సుడులు తిరుగుతుంది. లబ్, డబ్‌ల నడుమ "ఉష్" మన్న చప్పుడు వినిపిస్తుంది. ఇదే మర్మర ధ్వని.

ఇక్కడొక వింత ఉంది. జఠరికల మధ్య గోడలో చిన్న రంధ్రమే తరచు పెద్ద చప్పుడు చేస్తుంది. కుళాయి మూతిని వేలితో దాదాపుగా మూసినప్పుడు నీరు ఎంత జోరుగా చిమ్ముతుందో తెలుసు కదా! కాబట్టి చప్పుడు పెద్దదైనంత మాత్రాన జబ్బు పెద్దదని అనుకోరాదు.

కాగితపు గొట్టం

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో లేనెక్ అనే డాక్టరు ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఆ రోజుల్లో రోగి ఛాతీకి చెవి ఆనించి వినేవారు. అలా చేయడం ఆయనకు మర్యాదగా తోచలేదు. కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీపైన, రెండో కొస తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆశ్చర్యం! గుండె చప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు అలా పుట్టింది.

ఎలా కనిపెడతారు?

డాక్టరుగారు స్టెతస్కోపును ముఖ్యంగా నాలుగు చోట్ల ఆనిస్తారు. రొమ్ము ఎముక పైభాగాన కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, ఎముక కింది భాగాన ఎడమ అంచున ఒకటి, ఎడమ రొమ్ము కింద గుండె కొస తగిలేచోట ఒకటి. ఒక్కొక్క కవాటం చప్పుడు ఒక్కొక్క చోట బాగా వినిపిస్తుంది. మర్మర ధ్వని లబ్ తరువాత వస్తోందా, డబ్ తరువాతా అన్నది నాడి పట్టుకుని పోల్చుకుంటారు. డబ్ తరువాత వచ్చే ధ్వనిని తేలిగ్గా తీసుకోరు. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి మళ్లీ వింటారు. ధ్వని తీవ్రతను 1 నుంచి 6 వరకు అంకెలతో గుర్తిస్తారు. 4 నుంచి పైన అయితే ఛాతీ మీద పెట్టిన అరచేతికి కూడా అదురు తెలుస్తుంది.

అన్నీ జబ్బులేనా?

కాదు. పిల్లల్లో చాలామందికి గుండె పూర్తిగా బాగున్నా మెత్తని మర్మరం వినిపిస్తుంది. దీన్ని నిరపాయ మర్మరం అంటారు. జ్వరం వచ్చినప్పుడు, రక్తం తక్కువైనప్పుడు కూడా రక్తం వేగంగా ప్రవహించి చప్పుడు చేయవచ్చు. అనుమానం ఉంటే ఎకో పరీక్ష చేస్తారు. చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనులతో గుండె బొమ్మను తెర మీద చూస్తారు. ఇందులో నొప్పి ఉండదు.

మా అబ్బాయికి ఎకోలో ఏ లోపమూ లేదని తేలింది. మళ్లీ కబడ్డీ ఆడాడు. అమ్మాయి దాచిన చీటీ వాళ్లమ్మ కంటబడడం మంచిదయింది. అంతకు ముందటి ఏడు ఆ పిల్లకు గొంతునొప్పి, ఆ వెనక జ్వరంతో కీళ్లవాపు వచ్చాయట. అది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చినప్పుడు సరైన మందు వాడకపోతే కొందరికి ఇది వచ్చి కవాటాలను పాడుచేస్తుంది. మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏళ్ల తరబడి తీసుకుంటే జబ్బు తిరగబెట్టకుండా కాపాడుకోవచ్చు. ఆమె మానకుండా తీసుకుంది. చదువూ సాగించింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లలకు చేసే పరీక్షల్లో గుండె జబ్బులను వెతకడం కూడా ఉంది. మీకు అలాంటి చీటీ ఇస్తే భయపడకండి, దాచకండి. ఇంట్లో చూపించండి.

చేసి చూడండి

ఒక గరాటుకు రెండడుగుల రబ్బరు గొట్టం తొడగండి. గరాటును మీ స్నేహితుడి ఛాతీ ఎడమవైపు ఆనించి, గొట్టం కొసను చెవి దగ్గర పెట్టుకోండి. నిమిషానికి ఎన్ని లబ్-డబ్‌లు? అతడు మెట్లు ఎక్కి దిగి వచ్చాక ఎన్ని? రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకుని, తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి.