ఆఫీసరు కావాలనుకునే అరకు బిడ్డకు



సైన్యం అనగానే అరకు, పాడేరు ప్రాంతాల్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది జవాన్ల నియామక ర్యాలీ. ఆఫీసరు దారి అది కాదు. పరీక్ష వేరు, శిక్షణ వేరు, మోయాల్సిన బరువూ వేరు. అప్పగించిన పనిని జవాను ప్రాణం పెట్టి చేస్తాడు. ఆ పని ఎలా, ఎవరితో చేయించాలో తేల్చి, ఫలితానికి జవాబు చెప్పాల్సినవాడు ఆఫీసరు. ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు కింద తన వయసంత సర్వీసున్న సుబేదార్లు ఉంటారు. జవాన్ల తిండి, సెలవు, జబ్బు, ఇంటి కష్టం అన్నీ అతను పట్టించుకోవాల్సినవే.

ఇంటర్ తర్వాత ఉన్న ప్రధాన దారి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ). వయసు 16½ నుంచి 19½ ఏళ్ల మధ్య ఉండాలి. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు చదివినా సరిపోతుంది. యూపీఎస్‌సీ ఏటా రెండుసార్లు పరీక్ష పెడుతుంది: లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒరియా మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. అసలు అడ్డంకి అదే, తెలివి ఎంతమాత్రం కాదు. గిరిజన అభ్యర్థులకు ఫీజు లేదు, కానీ ఎంపికలో రిజర్వేషన్ కూడా లేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆడపిల్లలకు 2022 నుంచి ఎన్‌డీఏలో ప్రవేశం ఉంది.

ఇంతకన్నా ముందే మొదలుపెట్టే వీలు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో ఉంది. 1962లో మొదలైన ఈ బడిలో ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశాలుంటాయి. ఇక్కడ మాత్రం గిరిజనులకు సీట్ల రిజర్వేషన్ ఉంది. ఇక డిగ్రీ చదివినవారికి సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే రాతపరీక్ష లేకుండానే ఎంపికకు పోటీపడే ప్రత్యేక ప్రవేశం కూడా ఉంది. కొండ ప్రాంతపు విద్యార్థికి అన్నిటికన్నా అందుబాటులో ఉన్న దారి ఇదే.

ఏ దారిన వెళ్లినా ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ తప్పదు. అది అయిదు రోజులు నడుస్తుంది. ఒక బొమ్మను 30 సెకన్లు చూపి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఒక్కొక్కటి 15 సెకన్ల చొప్పున 60 మాటలు చూపి, ప్రతిదానికీ తోచిన వాక్యం రాయమంటారు. ఆరుబయట పలకలు, తాళ్లతో జట్టంతా అడ్డంకి దాటాలి. అక్కడ చూసేది కండబలం ఒక్కటే కాదు. తోటివాళ్లను కలుపుకుపోతాడా, మాట వింటాడా అన్నది గమనిస్తారు. బట్టీ పట్టిన జవాబులు అక్కడ నిలబడవు.

ఎన్‌డీఏలో మూడేళ్లు, తర్వాత డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఏడాది శిక్షణ పూర్తిచేస్తే లెఫ్టినెంటు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం నెలకు 56,100 రూపాయలు. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. మధ్యలో శాఖాపరమైన పరీక్షలు ఉంటాయి. ఆపై కల్నల్ హోదాకు సర్వీసు ఒక్కటే చాలదు, బోర్డు ఎంపిక చేయాలి. చాలామంది మంచి ఆఫీసర్లు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

ఆ మెట్టు దాటినవాడు కోరుకొండలోనే చదివిన బిక్కుమళ్ల సంతోష్‌బాబు. సూర్యాపేట బిడ్డ. 2004లో కమిషన్ పొంది, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరయ్యాడు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో తన జవాన్ల ముందు నిలిచి ప్రాణమిచ్చాడు. మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. ఆఫీసరు ముందుండి నడిపించాలన్న నియమానికి ఉన్న వెల అది. ఇంట్లో పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆ మాట దాచకూడదు.

ఎన్‌డీఏ నోటిఫికేషన్ సాధారణంగా డిసెంబరు, మే నెలల్లో వస్తుంది. అప్పటిదాకా ఆగకుండా, రోజూ ఇంగ్లీషు పేపరు చదువు, లెక్కలు వదలకు, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఈ ఏడాదే పేరు రాయించుకో.

పెదనాన్న