గుట్ట ఎక్కితే నొప్పి తగ్గుతుందా?

(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి, శ్రీరంగాపూర్)

"మీరు గుట్టెక్కితే ఎవరి నొప్పి తగ్గుతది బిడ్డా?"

సంక్రాంతి సెలవులకు ముందు వనపర్తి బజారులో డబ్బా పట్టుకొని తిరుగుతుంటే ఒక కిరాణా కొట్టు పెద్దాయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. మేము ఆరుగురం స్నేహితులం. ఖిల్లా ఘనపురం కోట గుట్ట ఎక్కుతామనీ, దాని పేరుమీద ఎవరికి తోచినంత వారిస్తే ఆ సొమ్మును హైదరాబాదులోని ఒక హాస్పిస్‌కు పంపుతామనీ చెప్పుకొంటూ తిరుగుతున్నాం. పెద్దాయనకు ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇది ఆలస్యంగా రాస్తున్న జవాబు.

హాస్పిస్ అంటే ఏమిటి?

పాతకాలంలో యూరపులో యాత్రికులు దిగే సత్రానికి ఈ పేరుండేది. ఇప్పుడు ఆ మాటకు అర్థం వేరు. జబ్బు నయం కాదని తేలిపోయిన రోగిని, మిగిలిన రోజులు నొప్పి లేకుండా, మర్యాదగా, తన వాళ్ళ మధ్య గడిపేటట్టు చూసుకునే చోటును హాస్పిస్ అంటారు. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ అనే ఆమె సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను స్థాపించడంతో దీనికి ఆధునిక రూపం వచ్చింది. ఆమె మొదట నర్సు, తర్వాత సాంఘిక సేవకురాలు, ఆ తర్వాత డాక్టరు. రోగి నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుదీ, ఇంటిదీ, డబ్బుదీ, నమ్మకానిదీ కలిసిన "సంపూర్ణ వేదన" అని ఆమె చెప్పింది. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వెలిసిన శాంతి ఆవేదనా సదన్. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు వారు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ రోగుల దగ్గర పైసా తీసుకోకుండా నడుస్తున్నది.

ఈ సంగతులేవీ మా తాత పోయేనాటికి మా ఇంట్లో ఎవరికీ తెలియవు. తాతకు చుట్ట అలవాటు. రంగసముద్రం కింద మడి దున్నినా, చెలకలో పల్లి పీకినా నోట్లో చుట్ట ఉండేది. నోటి క్యాన్సరని తేలేసరికి ఆలస్యమైంది. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. చేసేది చాలా ఉందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నేను ఇంటర్మీడియట్. రెండు నెలలు తాత గోడవైపు తిరిగి పడుకొని మూలుగుతుంటే, పక్క వసారాలో చెవులు మూసుకొని కెమిస్ట్రీ చదివాను. ఆ పుస్తకంలోనే ఆల్కలాయిడ్ల పాఠంలో మార్ఫిన్ పేరుంది. పరీక్షకు పనికొస్తుందని బట్టీ పట్టాను గాని, అది తాతకు పనికొచ్చేదని నాకు తోచలేదు.

నొప్పికి మూడు మెట్లు

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పింది. తర్వాత సవరణలు వచ్చినా మూల సూత్రం అర్థం చేసుకోవడం తేలికే. కొద్దిపాటి నొప్పికి పారాసిటమాల్ వంటివి మొదటి మెట్టు. అది చాలకపోతే కోడీన్ వంటివి రెండో మెట్టు. అదీ చాలకపోతే మార్ఫిన్ మూడో మెట్టు. నొప్పి వచ్చాక పరుగెత్తడం కాకుండా, గడియారం చూసి వేళకు ఇవ్వాలి. సాధ్యమైనంత వరకు సూదితో కాకుండా నోటిద్వారానే ఇవ్వాలి.

మార్ఫిన్ గసగసాల మొక్క కాయనుంచి కారే పాలలో ఉంటుంది. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే ప్రత్యేక గ్రాహకాలకు ఇది అతుక్కొని, నొప్పి వార్తను పైకి పోనీయకుండా తగ్గిస్తుంది. చేను మీదికి పోయే నీటికి కాలువ దగ్గర అడ్డుకట్ట వేసినట్టన్నమాట. ఇది మత్తుమందు గదా, అలవాటు కాదా అని అందరూ అడుగుతారు. డాక్టరు కొలిచి, కనిపెట్టుకొని ఇచ్చినప్పుడు క్యాన్సర్ రోగి వ్యసనపరుడు కావడం అరుదు. ఎక్కువమందిని బాధించేది మలబద్ధకం. అందుకు మార్ఫిన్‌తోపాటు విరేచనపు మందు కూడా రాస్తారు.

మరి ఇంత మంచి మందు ఎందుకు అందలేదు? 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దుర్వినియోగాన్ని ఆపడానికి కఠినమైన నియమాలు పెట్టింది. లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి కొంత సులువు చేసింది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. దారి ఉన్నది గాని, ఆ దారి ఉన్నదని ఊళ్ళకు తెలియదు.

కొండకూ చందాకూ సంబంధం

కొండ ఎక్కి హాస్పిస్‌కు చందా పోగుచేయడం బ్రిటనులో బాగా అలవాటైన పని. అక్కడి హాస్పిస్‌ల ఖర్చులో పెద్ద భాగం ప్రజల విరాళాలతోనే నడుస్తుంది. అందుకని స్నేహితులు జట్టుకట్టి బెన్ నెవిస్ (1,345 మీటర్లు), స్నోడన్ (1,085 మీటర్లు), స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) అనే మూడు శిఖరాలను 24 గంటల్లో ఎక్కుతామని పందెం కడతారు. తెలిసినవాళ్ళు ఆ పేరుమీద డబ్బిస్తారు.

కొండలెక్కడం దొరల సరదా అనుకోకండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మన గురుకుల పాఠశాలల పిల్లలే. పూర్ణకు అప్పుడు పదమూడేళ్ళు. వాళ్ళకు తొలి పాఠాలు నేర్పింది భువనగిరి రాతిగుట్ట.

మా గుట్ట, మా లెక్క

మేము మూడు నియమాలు పెట్టుకున్నాం. బస్సు చార్జీలు, తిండి మా సొంతం. వచ్చిన ప్రతి రూపాయి నోటుపుస్తకంలో రాయాలి. లెక్క అందరికీ చూపాలి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి కాకతీయుల కాలంనాటి ఆ కోట గోడల పక్కనుంచి ఎక్కాం. ఒకడి చెప్పు తెగితే మిగతా దారంతా ఒట్టికాళ్ళతో ఎక్కాడు. పైనుంచి గణపసముద్రం చెరువు అద్దంలా కనిపించింది. అక్కడే కూచొని జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాం.

తింటూ నేనొక లెక్క వేశాను. 60 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని 58,800 జౌళ్ళు, అంటే సుమారు 14 కిలో కాలరీలు. మన కండరాలు తీసుకున్న శక్తిలో నాలుగో వంతు మాత్రమే పనిగా మారుస్తాయనుకున్నా, 56 కిలో కాలరీలు చాలు. ఒక్క జొన్నరొట్టె కూడా పూర్తిగా ఖర్చు కాదు! పైగా దిగి వచ్చాక లెక్క సున్నా. ఫిజిక్సు ప్రకారం మేము చేసిన ఘనకార్యం ఏమీ లేదు.

వచ్చిన సొమ్ము 6,340 రూపాయలు. హాస్పిస్ ఖర్చుల ముందు అది చెరువులో చెంబెడు నీళ్ళు. అయితే ఆ నోటుపుస్తకంలో ఇరవై రూపాయల పద్దు ఒకటుంది. కూరగాయలమ్మే ఒకామె ఇచ్చింది. ఇచ్చి, మెల్లగా, "ఆ నొప్పి మందు మా ఇంటాయనకు దొరుకుతదా నాయినా?" అని అడిగింది. ఆయనకు గొంతు క్యాన్సర్. మా తాతకు చెప్పినట్టే ఆయనకూ ఇంటికి పొమ్మని చెప్పారట. మాలో ఇద్దరం ఆయన కాగితాలు పట్టుకొని, ఆయన కొడుకును వెంటబెట్టుకొని హైదరాబాదు పోయాం. డాక్టరుగారు అన్నీ చూసి మందు రాశారు. వాడే పద్ధతి కొడుకుకు రెండుసార్లు చెప్పించి, మళ్ళీ అప్పగించుకున్నారు.

ఆయన ఆ తర్వాత మూడు వారాలు బతికాడు. కర్మకాండ రోజున పోతే ఆమె ఏడుస్తూనే చెప్పింది: "రాత్రుళ్ళు పండుకున్నడు నాయినా. మనుమరాలితోని మాట్లాడిండు."

మనం చేయగలిగింది

1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు ఉపశమన చికిత్సా సంఘం పెట్టారు. తర్వాత మలప్పురం ప్రాంతంలో ఊరివాళ్ళే చిన్న చిన్న చందాలు వేసుకొని, శిక్షణ పొంది, మంచంపట్టిన వాళ్ళ ఇళ్ళకు పోవడం మొదలుపెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది. దీనికంతా డాక్టర్లే కావాలని లేదు. పుండు శుభ్రం చేయడం, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇంటి ఇల్లాలు గంటసేపు నిద్రపోయేటట్టు దగ్గర కూచోవడం నేర్చుకుంటే వస్తాయి.

మన కాలేజీలో ప్రతి ఊరి పిల్లలూ ఉన్నారు. వచ్చే ఏడు విద్యార్థి సంఘం తరఫున గుట్ట ఎక్కుదాం. ఎక్కేముందు తలా ఒక ఊరు పంచుకొని, ఇంటింటికీ పోయి డబ్బు ఒక్కటే అడగకుండా, "మీ ఇంట్లో నొప్పితో బాధపడుతున్నవాళ్ళు ఉన్నారా?" అని కూడా అడుగుదాం. లెక్చరర్లు, పూర్వ విద్యార్థులు మాకు దారి చూపాలని కోరుతున్నాను.

కిరాణా కొట్టు పెద్దాయనా! గుట్టెక్కితే ఎవరి నొప్పీ తగ్గదు. కాని గుట్ట పేరు చెప్పి మీ గడపలోకి వచ్చాం. మా తాత బతికున్నప్పుడు ఎవరైనా అట్లా మా గడపలోకి వచ్చి ఉంటే బాగుండేది.