పనికి కాలక్రమ మేర్పఱచుట

"ఈ పని ఎప్పటికి ముగియును?" అని యడిగినచో మనలో ప్రతివారును ఒక తేదీ చెప్పుదురు. సంక్రాంతి నాటికనియో, బడి తెఱచునాటికనియో చెప్పుట సులభము. కాని తేదీ చెప్పుట వేఱు. ఆ తేదీకి పని ముగియునట్లు దాని భాగములను వరుసపఱచి, ఆ వరుస చెడకుండ దినదినము సరిచూచుకొనుట వేఱు. మొదటిది గడువు. రెండవది కాలక్రమము. ఈ రెంటికిని గల భేదమును మన పల్నాటిసీమలో జరిగిన కార్యములను ఆధారముగా గొని వివరింప దలచితిమి.

మాచర్లకు ఆవల విజయపురి సౌత్‌లో లాంచి యెక్కి నాగార్జునకొండకు పోయినవారు మీలో పెక్కురు కలరు. నీటినడుమ ద్వీపమువలె నున్న యా కొండమీది స్తూపములను, స్నానఘట్టమును చూచి, "ఇంత యెత్తున వీనిని ఎవరు కట్టిరి?" అని మా విద్యార్థి యొకడు విహారయాత్రలో మమ్ము ప్రశ్నించెను. అవి మొదట అక్కడ కట్టినవి కావు, కొండక్రింది లోయలోనివి. మూడువైపుల కొండలును, నాలుగవవైపు కృష్ణానదియు గల ఆ లోయలో 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి వెలసియుండెను. 1926లో అచ్చటి శిథిలములు పండితుల దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్ట్ దొర త్రవ్వించెను, 1938లో టి. యన్. రామచంద్రన్‌గారు కొంత త్రవ్వించిరి. అప్పటికి తొందరలేదు. ఈ యేడు కానిది వచ్చే యేడు చూచుకొనవచ్చును.

నందికొండవద్ద కృష్ణకు ఆనకట్ట కట్ట నిశ్చయించుటతో ఆ తీరిక తీరిపోయెను. ఆనకట్ట లేచినచో లోయ మునుగును. అందుచేత పురావస్తుశాఖవారు 1954లో ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున త్రవ్వకములు మొదలుపెట్టి 1960 వఱకు సాగించిరి. గడువు పెట్టినది అధికారి కాదు, నీరు. నీటికి విన్నపములు వ్రాసికొని వ్యవధి పెంపించుకొనుటకు వీలులేదు.

ఇక వరుస చూడుడు. త్రవ్వనిది కొలువరాదు. కొలిచి పటము వ్రాయనిది విప్పరాదు. విప్పనిది తరలింపరాదు. తరలించినదానిని పెట్టుటకు కొండమీద చోటు సిద్ధముగా నుండవలెను. లోయ విశాలము, కాలము స్వల్పము. కావున అన్నిటిని తరలించుట అసాధ్యము. ముఖ్యములైన తొమ్మిది కట్టడములను కొండమీదికి తెచ్చి తిరిగి నిలిపిరి; మఱికొన్నిటికి చిన్న నమూనాలు చేసిరి; కొన్నిటిని తూర్పుతీరమున అనుపువద్ద పునర్నిర్మించిరి; తక్కినవి కొలతలుగను, పటములుగను మిగిలినవి. దేనిని విడువవలెనో ముందుగా నిర్ణయించుకొనుటయు కాలక్రమములో భాగమే. మా యభిప్రాయమున అన్నిటికన్న కష్టమైన భాగమును అదియే. లోయలోని పల్లెవాసులును ఇండ్లు వాకిళ్లు విడిచి పోవలసివచ్చెను. వారి దినములను లెక్కించి వ్రాసినవారు తక్కువ.

దీనికి ఎదురుదృష్టాంతము మన అమరావతిలోనే కలదు. మన దీపాలదిన్నె శిల్పములు పందొమ్మిదవ శతాబ్దమున పలుమాఱులు పెకలింపబడినవి. 1816లో కర్నల్ మెకంజీ దొర వ్రాయించిన చిత్రపటములు నేటికిని అమూల్యములు. కాని 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞచే దిబ్బను పూర్తిగా త్రవ్వి ఖాళీచేసిరి. ఏ రాయి ఎచ్చట నెట్లుండెనో పూర్తిగా గుర్తింపకయే పని నడిచెను. పని త్వరగా జరిగినది, వరుస తప్పినది. శిల్పములు చెన్నపట్టణమునను, లండనునను భద్రముగా నున్నవి. కాని వాని పూర్వస్థానములను పండితులు నేటికిని ఊహించుచునే యున్నారు.

ఇంక ఆనకట్ట సంగతి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపనచేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నడుమ పదునొకండు వరదకాలములు గడచినవి. ఈ లెక్క ముఖ్యము. ఏలయన నదీగర్భమున పనిచేయువానికి సంవత్సరమున పండ్రెండు నెలలు లేవు. కార్తీకమున వరద తీసినది మొదలు జ్యేష్ఠమున మరల నీరు వచ్చువఱకు ఉన్న కాలమే అతనిది. ఆ లోపల పునాది నీటిమట్టముపైకి రానిచో పోవునది ఒక నెల కాదు, ఒక సంవత్సరము. యంత్రములు తక్కువ, రాయియు మనుష్యులును సమృద్ధి యగుటచే దీనిని రాతికట్టుగా కట్టిరి. కావున రాళ్లు కొట్టువారు, మోయువారు, పేర్చువారు ఒకరివెనుక నొకరు తెగకుండ నడువవలెను. కట్ట ముగిసి కాలువ ముగియనిచో పొలమునకు నీరు రాదు. అందుచే కుడివైపు జవహర్ కాలువయు, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువయు ప్రక్కప్రక్కనే త్రవ్వబడుచుండెను. కట్టమీది 26 తలుపులను అమర్చుట మాత్రము 1974 నాటికి గాని పూర్తికాలేదు. నీరు విడుచుటకు ఏది తప్పనిసరియో, ఏది తరువాత చేసికొనవచ్చునో వేఱుచేసి చూచుట ఇందు గమనింపదగినది.

ఇంత పెద్దపని మీకు దూరముగా తోచవచ్చును. మా పాఠశాలలో మేము కట్టించిన ఒక గది సంగతి చెప్పెదము. బడి జూన్ 12న తెఱచును. పునాది త్రవ్వుట 4 దినములు, పునాది రాతికట్టు 10, గోడలు 15, సెంట్రింగును ఇనుపకమ్ములును 8, శ్లాబు వేయుట 1, దానిని నీటితో తడుపుచు ఆఱనిచ్చుట 14, పూత 10, నేల 6. మొత్తము 68 దినములు. ఏప్రిల్ 5న మొదలుపెట్టినచో జూన్ 11 సాయంకాలమునకు సరిగా ముగియును. ద్వారబంధములు చేయుటకు వడ్రంగికి 12 దినములు చాలును. గోడలు మొదలగు నాటికి, అనగా 14 దినములలో, అవి కావలెను. కాబట్టి వడ్రంగికి రెండు దినముల వెసులుబాటు కలదు. తాపీపనికి ఒక్క దినమైనను లేదు.

ఇదంతయు కాగితముపై చక్కగా వ్రాసికొని, వడ్రంగికి బయానా ఇచ్చుట అయిదు దినములు మఱచితిమి. బంధములు మూడు దినములు ఆలస్యముగా వచ్చెను. మూడేకదా యని మీరనవచ్చును. చేతులు కట్టుకొని కూర్చుండలేక మేస్త్రీలు వేఱొక ఊరికి పనికి పోయి మఱి యేడు దినములకు గాని రాలేదు. మొదటి పది దినములు ఆ తరగతి పిల్లలు వేపచెట్టు క్రింద చదువుకొనిరి. తప్పు వడ్రంగిది కాదు, మాది.

ఇట్లు దేనిలో ఒక దినము తప్పినను పనియంతయు ఒక దినము తప్పునో, ఆ వరుసను ఇంజనీర్లు క్రిటికల్ పాత్ అందురు. పనులను గీతలుగా గీచి చూపు పట్టికను అమెరికా దేశీయుడైన హెన్రీ గాంట్ గత శతాబ్దపు మొదటి భాగముననే ప్రచారమునకు తెచ్చెను. క్రిటికల్ పాత్ లెక్క 1957లో డ్యూపాంట్ కంపెనీవారి పనులలో పుట్టెను. అప్పటికి మన సాగరము పని మొదలై రెండేండ్లాయెను. పేరు క్రొత్తదే కాని, నారు సిద్ధముకాక ముందే నాట్లకు కూలీలను పిలువని రైతుకు విషయము క్రొత్తది కాదు.

ఈ లెక్క తెలిసినవాడు ఎచ్చట మనుష్యులను పెంచవలెనో ఎఱుగును. గోడలకు ఇంకొక మేస్త్రీని పెట్టినచో రెండు మూడు దినములు కలిసివచ్చును. శ్లాబు ఆఱుటకు పదిమంది నీళ్లు పోసినను పదునాలుగు దినములే.

సరిచూచుట యందును ఒక కిటుకు కలదు. "ఎంత అయినది?" అని యడిగినచో "దాదాపు అయినది" అనియే ప్రతివారమును విందుము. "ఇంక ఎన్ని దినములు పట్టును?" అని యడుగవలెను. గత శనివారము ఆఱు దినములన్నవాడు ఈ శనివారమును ఆఱు దినములే యన్నచో, ఆ పని వారము దినములు కదలలేదన్నమాట. ఖర్చయిన సొమ్మును చూచి పని అయినదనుకొనుటయు అట్టి పొరపాటే.

వచ్చు వేసవిలో వంటశాల కట్టింపవలసియున్నది. దాని పట్టికను ఆఫీసుగది గోడకు తగిలించియున్నాము. కోరినవారు వచ్చి చూడవచ్చును. ఈ మాఱు వడ్రంగికి బయానా ఇదివఱకే ఇచ్చితిమి.