పోటీ పరీక్షల ప్రత్యేకం: తేనెటీగలు – పురుగుమందులు

మందు తగిలిన తేనెటీగను తేనెపెట్టె ముందే గుర్తుపట్టవచ్చు. నాలుక బయటికి చాచి, రెక్కలు టపటప కొట్టుకుంటూ నేల మీద గిరగిరా తిరుగుతుంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ చాలాసార్లు దెబ్బ ఇలా కంటికి కనిపించదు.

ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ నియోనికోటినాయిడ్ వర్గం పురుగుమందులు. నికోటిన్ లాగే ఇవీ నాడీకణాల్లోని ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలకు అతుక్కుంటాయి. విత్తనశుద్ధికి వాడిన మందు మొక్కంతా పాకి పుప్పొడికి, మకరందానికి చేరుతుంది. 2008లో జర్మనీలోని రైన్ లోయలో మొక్కజొన్న విత్తనాల నుంచి రేగిన క్లోథియానిడిన్ ధూళికి వేల తేనెటీగల కుటుంబాలు దెబ్బతిన్నాయి. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈగల వీపున చిన్న రేడియో ట్యాగులు అతికించి చూశారు. చంపేంత మోతాదు కాకపోయినా, థయామెథాక్సామ్ తిన్న ఈగల్లో గణనీయ భాగం గూటికి తిరిగి రాలేదు.

తట్టుకునే శక్తి సంగతి ఇంకా ఆసక్తికరం. 2006లో వెలువడిన జన్యుక్రమం ప్రకారం, విషాన్ని విరిచే పీ450 ఎంజైముల జన్యువులు తేనెటీగలో ఇతర కీటకాల కన్నా తక్కువ. ఉన్నవాటిలో సీవైపీ9క్యూ3 అనే ఎంజైము అదే వర్గానికి చెందిన థయాక్లోప్రిడ్‌ను చకచకా విరిచేస్తుంది, ఇమిడాక్లోప్రిడ్ దగ్గర మాత్రం చతికిలబడుతుంది. అందుకే ఒకే వర్గం మందులైనా వాటి విషతీవ్రతలో వందల రెట్ల తేడా. కొన్ని శిలీంద్రనాశినులు ఈ ఎంజైములనే అడ్డుకుంటాయి. వాటిని కలిపి కొడితే తట్టుకోగలిగిన మందూ ప్రాణాంతకం కావచ్చు. రైతులకు ఈ ముక్క తప్పక చెప్పాలి.

ఐరోపా సమాఖ్య మొదట చెప్పిన మూడు మందులపై 2013లో ఆంక్షలు పెట్టి, 2018లో ఆరుబయట వాడకాన్ని నిషేధించింది. పరీక్ష కోసం ఇదీ గుర్తుంచుకోండి: ప్రపంచ తేనెటీగల దినోత్సవం మే 20.