చౌడేపల్లెలో గుజ్జు ఫ్యాక్టరీ పెట్టిన మేనల్లుడికి

మదనపల్లె



నాయనా, నీ ఉత్తరం అందింది. జూన్ కరెంటు బిల్లు చూసి బెదిరి, లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్పిస్తున్నానని రాశావు. మార్పించు, మంచిదే. కానీ మామిడి గుజ్జు తీసే చోట లైట్లకయ్యేది ఎంతని? నీ ఖర్చు చాలావరకు మిషను తిరగకముందే, నువ్వు సంతకం పెట్టిన కాగితాల దగ్గరే తేలిపోయింది.

హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసుకు వాడిన యూనిట్లకే కాదు, మాకు ఇంత కరెంటు సిద్ధంగా ఉంచండని రాసిచ్చినందుకూ నెలనెలా కట్టాలి. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిమీద ఛార్జీ. 500 కేవీఏ రాసిచ్చి 250 దాటకుండా నడిపినా 400కి కడతావు. తోతాపురి మామిడి ఊపంతా జూన్, జూలైలదే. తర్వాత మూతపడిన షెడ్డుకు అంత ఎందుకు కట్టాలి? మనబోటివాళ్ల కోసమే టారిఫ్‌లో సీజనల్ పరిశ్రమ అని ఉంది. అందులో చేరితే అన్‌సీజన్లో 80కి బదులు 30 శాతం మీద లెక్క. సీజను కనీసం వరుసగా నాలుగు నెలలు చూపాలి. సీజను నెలలు మార్చుకోవాలంటే, కొత్త టారిఫ్ ఏడాది మొదలయ్యే ఏప్రిల్‌కు నెల ముందే కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ ఆఫీసులో రాసివ్వాలి. టారిఫ్ మీద ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ఉత్తర్వు ఏటా వస్తుంది. ఇంకొకరు చెప్పింది విని ఊరుకోక నువ్వే చదువు.

నీ బిల్లు కేవీఏహెచ్‌లో వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8కి పడితే 100 యూనిట్ల పనికి 125 కడతావు. దాన్ని సరిచేసే కెపాసిటర్లు మేలోనే పరీక్ష చేయించు, కాయ లారీలు గేటు దగ్గర నిలబడ్డాక తీరిక దొరకదు.

ఇక బాయిలరు. ఇక్కడే నాకు నీమీద బెంగ. కట్టెలు టన్ను లెక్కన కొంటున్నావు. పచ్చికట్టె అయితే కాటాలో తూగేది నీళ్లు కూడా. ఆ నీళ్లు ఆవిరి కావడానికి కిలోకి 540 కిలో కేలరీల పైనే మింగేస్తాయి, ఆ వేడి గుజ్జుకు చేరదు. సరుకు దిగగానే నాలుగు చోట్ల నుంచి నమూనా తీసి, తూచి, ఎండబెట్టి మళ్లీ తూచు. తేమ ఇంతకు మించితే ధర ఇంత తగ్గుతుందని బేరమప్పుడే కాగితం మీద పెట్టు. కట్టె అయినా చెనిక్కాయ పొట్టు అయినా సీజన్లో పరుగెత్తి కొనకు. ఎండలున్నప్పుడే తెచ్చి, రేకుల కింద, నేల తగలకుండా పేర్చు. ఒక్కడి దగ్గరే కొనకు, ఇద్దరిని పెట్టుకో.

2022 ఏప్రిల్ గుర్తుందా? కరెంటు కొరత వచ్చి నిరంతరం నడిచే పరిశ్రమలను సగం లోడుకే పరిమితం చేశారు, మిగతావాటికి వారంలో ఇంకో రోజు పవర్ హాలిడే. అది జూన్‌లో వచ్చి ఉంటే కాయ కుళ్లేది. కాబట్టి జనరేటరు ఉంచు. కానీ లీటరు డీజిలుకు వచ్చేది మూడు నాలుగు యూనిట్లే. అందుకే ఏ మిషన్లు ఆగినా పర్వాలేదో, ఏవి ఆగకూడదో ముందే రాసి ప్యానెల్ దగ్గర అంటించు.

సోలారుకు తొందరపడకు. ఎండ ఏడాదంతా ఉంటుంది, నీ పని ఉండదు. గ్రిడ్‌కు పోయే యూనిట్లకు ఏం కట్టిస్తారో ఒప్పందంలో చదివాకే అడ్వాన్సు ఇవ్వు.

గడిచిన పన్నెండు నెలల బిల్లులు, బాయిలరు పుస్తకం ఫోటోలు తీసి పంపు. కొత్త కాంట్రాక్టు డిమాండు ఎంత పెట్టాలో ఇద్దరం కూర్చుని లెక్కవేద్దాం. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

ఇట్లు,
నీ మేనమామ