మెడలో ఇరుకు తూము

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు ఉందనుకోండి. వయసు 38 ఏళ్ళు. కొబ్బరి తోటల్లో కాయలు మోస్తుంది. తీరిక దొరికితే లేసు అల్లుతుంది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పొదుపు సంఘం పుస్తకంలో వేలిముద్ర మానేసి సంతకం పెడుతోంది.

కొన్నాళ్ళుగా ఆమె చేతిలో లేసు సూది నిలవడం లేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోడానికి చాలాసేపు పడుతోంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతోంది. జారినట్టు ఆమెకు తెలియడం లేదు.

"వదినా, వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి" అంది.

"నీరసం లేవే. రోజూ ఒక గుడ్డు తిను" అంది వదిన.

"నొప్పి లేదుగా! అదే తగ్గిపోద్ది" అన్నాడు భర్త.

ఒకరోజు సంఘం లీడరు పుస్తకం తిరగేసింది. సంక్రాంతి నాటి సంతకం గీత మీద నిలబడి ఉంది. దసరా నాటి సంతకం గీత దాటి కిందికి జారింది. అక్షరాలు వంకరపోయాయి. "నేర్చిన చదువు మరిచిపోయావా?" అని నవ్వబోయింది. కాని నవ్వలేకపోయింది.

"నీకు అక్షరం వచ్చు. చెయ్యే మాట వినడం లేదు. పద, డాక్టరుకు చూపిద్దాం" అంది.

ఆమెకు ఏమయింది? తెలుసుకుందాం.

వెన్నుపాము అంటే ఏమిటి?

మన మెడలో 7 ఎముకలు ఉన్నాయి. అన్నిటికన్నా పైది ఉంగరంలా ఉంటుంది. దాని మీద తల కూర్చుంటుంది. ఈ ఎముకల మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో మెదడు నుంచి నరాల తాడు దిగుతుంది. అదే వెన్నుపాము. లావు చూస్తే మన చిటికెన వేలంత. చెయ్యి కదలాలన్నా, కాలు నడవాలన్నా మెదడు ఆజ్ఞ దీని గుండానే పోవాలి.

మన పంట కాలువను తలుచుకోండి. కాలువ నిండా నీరు ఉంది. కాని తూము ఇరుకు. అప్పుడు శివారు పొలానికి నీరు అందదు. మెడలో దారి ఇరుకైనా అంతే. చేతులు, కాళ్ళు శివారు పొలాల వంటివి. తూము మెడలో ఉంది. ఎండిపోయేది చేతులూ కాళ్ళూ.

పెద్దవాళ్ళలో మెడ నడుమ ఈ దారి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 కన్నా తగ్గితే ఇరుకు అంటారు. కొందరికి పుట్టుకతోనే దారి ఇరుకు. కొందరికి పై ఉంగరం ఎముకే చిన్నది.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదు? వయసులో ఉన్నప్పుడు ఆ కాస్త దారిలోనే వెన్నుపాము సర్దుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఎముకల మధ్య మెత్తని బిళ్ళలు ఉబ్బుతాయి. అప్పుడు వెన్నుపాము నలుగుతుంది. ఒక్కోసారి చిన్నగా జారిపడినా చాలు. బరువు మోసినందువల్ల పుట్టుక ఇరుకు రాదు. కాని ఉన్న ఇరుకుకు తలమోత చేటు.

పుట్టుకతో కాక, నీటి వల్ల కూడా ఈ ఇరుకు రావచ్చు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు తాగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగితే ఎముకలు మందమవుతాయి. వెన్నుపాము దారి మూసుకువస్తుంది. నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు.

ఈ గుర్తులు చూడండి

చేతి పట్టు తప్పడం. బియ్యంలో రాళ్ళు ఏరలేకపోవడం. రాత మారిపోవడం. కాళ్ళు బిగుసుకుని, నడక తూలడం. మెడ వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు ఉండడం. మూత్రం ఆపుకోలేకపోవడం.

నొప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు. నొప్పి లేదని ఊరుకోకూడదు.

ఇంట్లో ఒక పరీక్ష చేయండి. గుప్పిట మూసి, తెరవండి. 10 సెకన్లలో 20 సార్లు చేయగలగాలి. చేయలేకపోతే డాక్టరుకు చెప్పండి.

ఇవి చేయకండి

మెడ పట్టి గట్టిగా తిప్పించుకోవద్దు. మెటికలు విరిపించుకోవద్దు. మెడ పైభాగంలో వెన్నుపాము దెబ్బ తింటే ఊపిరి కూడా ఆగవచ్చు. ఎవరైనా పడి మెడకు దెబ్బ తగిలితే లాగి కూర్చోబెట్టకండి. తల కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి.

వైద్యం ఉంది

ఎమ్మారై పరీక్షలో వెన్నుపాము ఎక్కడ నలిగిందో కనబడుతుంది. గొట్టం లాంటి యంత్రంలో పడుకోవాలి. పెద్ద చప్పుడు వస్తుంది, నొప్పి ఉండదు. పిన్నులు, మెట్టెలు, గాజులు, సూత్రాలు తీసి వెళ్ళాలి. కావాలంటే మెడలో పసుపు తాడు ఉంచుకోవచ్చు.

నలుగుడు ఎక్కువైతే ఆపరేషను చేస్తారు. మెడ వెనక నుంచి కొంత ఎముక తీసి దారి వెడల్పు చేస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆపరేషను జబ్బు ముదరకుండా ఆపుతుంది. పోయిన పట్టు అంతా తిరిగి రాకపోవచ్చు. అందుకే తొందరగా వెళ్ళాలి.

నరాల ఆపరేషన్ల విభాగం మన దేశంలో మొదట 1949లో వేలూరులో మొదలైంది. ఇప్పుడు విశాఖపట్నం కె.జి.హెచ్. వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మీ ఆపరేషను దానిలోకి వస్తుందేమో ఆసుపత్రిలో అడగండి. కార్డులు వెంట తీసుకెళ్ళండి.

మన కథలో ఇల్లాలికి ఆపరేషను అయింది. కాళ్ళ బిగువు తగ్గింది. నడక కుదురుకుంది. కుడిచేతి రెండు వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. కొబ్బరికాయల మోత మానేసింది. తోటలో కాయలు లెక్కపెట్టి పుస్తకంలో రాసే పని చేస్తోంది.

సంఘం పుస్తకంలో మళ్ళీ సంతకం పెట్టింది. కాస్త వంకరగానే ఉంది. కాని గీత దాటలేదు.

"ఇంకో ఏడాది ఊరుకుంటే ఈ సంతకం కూడా ఉండేది కాదు" అంది లీడరు.

ఆలోచించండి, చెప్పండి

1. తూము మెడలో ఉంటే చెప్పు ఎందుకు జారింది?
2. "నొప్పి లేదుగా" అన్న మాటలో తప్పేమిటి?
3. మీ సంఘం పుస్తకం తెరవండి. మీ పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి చూడండి.