రూలు వాళ్లది, జాకెట్టు ఖర్చు మనది

ప్రశ్న: గూడూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. ఈ ఏడు నుంచి లేడీ టీచర్లంతా సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో రంగు చీర కట్టుకురావాలని కరస్పాండెంట్ గారు వాట్సాప్‌లో పెట్టారు. చుడీదార్‌తో వస్తే రిజిస్టర్లో సంతకం పెట్టనివ్వడం లేదు. నాకిచ్చేది పదమూడు వేలు. రోజూ మా ఆయన బైకు వెనక కూర్చుని చిల్లకూరు నుంచి రావాలి. ఇంట్లో చెప్పుకుంటే ‘చీర కట్టుకోవడానిక్కూడా ఏడుపేనా’ అంటుంది మా అత్తగారు. ఎదురు చెప్పాలా, సర్దుకుపోవాలా మేడమ్?
— ఒక టీచరు

జవాబు: బళ్లు తెరిచే జూన్ వచ్చిందంటే ఈ ఉత్తరం వస్తుంది. ఊరు మారుతుంది, రంగుల పట్టిక మారుతుంది, ఏడుపు మాత్రం ఇదే.

చీర గొప్పదా, చుడీదార్ గొప్పదా అనే పంచాయితీలోకి నన్ను లాగొద్దు. నేను చీరే కడతాను. నా ఇష్టంతో కడతాను కాబట్టి నాకు హాయిగానే ఉంటుంది. మీ బాధ చీరతో కాదు, లెక్కతో. ఒక కాగితం తీసుకుని రాయండి. ఆరు చీరలు, ఆరు ఫాల్స్, ఆరు లైనింగ్ గుడ్డలు, ఆరు జాకెట్ల కుట్టుకూలి, రంగుకు తగ్గ లంగాలు, వారంవారం ఇస్త్రీ. ఈ మధ్య జాకెట్టు కుట్టుకూలి చీర ధరతో పోటీ పడుతోంది కదా, అది ఏ దర్జీ కొట్టుకెళ్లినా తెలుస్తుంది. అడుగున కూడిక వేసి, పక్కనే మీ జీతం రాయండి. మీ కరస్పాండెంట్ గారికి చూపించాల్సిన కాగితం అదే. ‘నా స్వేచ్ఛ’ అంటే ఆయన ఉపన్యాసం ఇస్తాడు. కూడిక చూపిస్తే నోరు కాసేపు ఆగుతుంది.

నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, ఈ శీర్షిక చదివేవాళ్లకు విసుగొచ్చినా మళ్లీ చెప్తాను. ఫలానా గుడ్డే కట్టుకురమ్మన్నవాడు ఆ గుడ్డ కొనివ్వాలి, లేదా డబ్బివ్వాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. మీ ఊరి జంక్షన్‌లో నిలబడి చూడండి. స్టేషన్ మాస్టరు యూనిఫాం వేసుకుంటాడు, పట్టాల మీద ట్రాక్‌మన్ వేసుకుంటాడు. కేంద్ర ప్రభుత్వం 2017 జూలై నుంచి వాళ్లకు ఏటా డ్రెస్ అలవెన్సు ఇస్తోంది. మొదలుపెట్టినప్పుడు స్టేషన్ మాస్టరుకు 10,000, ట్రాక్‌మన్‌కు 5,000 రూపాయలు. అంత పెద్ద రైల్వేకే రూలు పెట్టినందుకు డబ్బు కట్టక తప్పలేదు. మీ స్కూలుకెందుకు తప్పాలి?

ఇక చీర ‘తప్పనిసరి’ అన్న మాట. టీచరు చీరే కట్టాలని చెప్పే చట్టమేదీ లేదు. కేరళలో ఇదే గొడవ ముదిరితే, టీచర్ల మీద చీర రుద్దొద్దని అక్కడి ప్రభుత్వం 2021 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మనకు పక్కనే ఉన్న చెన్నై సచివాలయంలో 2019లో డ్రెస్ కోడ్ పెట్టినప్పుడు ఆడవాళ్లకు చీరతో పాటు చున్నీ వేసుకున్న చుడీదార్, సల్వార్ కూడా రాశారు. మగవాళ్లకు ప్యాంటు చొక్కాతో పాటు పంచె కూడా ఇచ్చారు. 2023లో టీచర్లకు జీన్సు, టీషర్టు, లెగ్గింగ్స్ వద్దన్న అస్సాం ప్రభుత్వం సైతం సల్వార్ సూట్‌ను కాదనలేదు. అంత కట్టుదిట్టం చేసినవాళ్లే ఒప్పుకున్న చుడీదార్ గూడూరులో ఏం తప్పు చేసింది?

మీరు చెప్పేది సైన్సు. ల్యాబులో బర్నర్ వెలిగించే ముందు పిల్లలకు ఏం చెప్తారు? వదులు బట్టలతో రావద్దు, జుట్టు ముడి వేసుకోండి అనే కదా. ఆ మాట చెప్తున్న టీచరు భుజం మీద నైలాన్ కొంగు జారుతుంటే ఆ పాఠం ఎవరికెక్కుతుంది? రోజుకో రంగు అంటే ఆరు నూలు చీరలు ఎవరూ కొనలేరు, చవకలో దొరికే సింథటిక్కే కొంటారు. అది మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కరస్పాండెంట్ గారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందు చెప్పండి. ప్రమాదం అన్న మాటకు మేనేజ్‌మెంట్లు భయపడతాయి.

బైకు సంగతి కూడా. వెనక చక్రానికి సగమైనా కవరయ్యేలా చీర గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది, 1989 నాటివి అవి. బండి అందం చెడిపోతుందని మగవాళ్లు దాన్ని ఊడదీసి అటకెక్కిస్తారు. మీ ఆయన బండికి ఉందో లేదో ఈ పూటే చూడండి. స్కూలు మారినా మారకపోయినా గార్డు మాత్రం బిగించాల్సిందే.

ఇప్పుడు చేయాల్సింది. ఒక్కరే వెళ్లకండి, ఒక్కరు వెళితే ‘ఆ టీచరుకు పొగరు’ అంటారు. నలుగురైదుగురు కలిసి, హెడ్మిస్ట్రెస్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. వాట్సాప్ మెసేజ్ కాకుండా కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చేసరికి చాలా రూళ్లు వాటంతటవే మెత్తబడతాయి. తర్వాత బేరం పెట్టండి. స్కూలు తరఫున రెండు యూనిఫాం చీరలు జాకెట్టు గుడ్డతో సహా, ల్యాబు ఉన్న రోజు చుడీదార్. దీనికి ఒప్పుకోని స్కూలు రేపు ఇంకోదానికీ ఒప్పుకోదు, కాబట్టి ఏప్రిల్ నాటికి వేరే చోటు చూసుకోండి. ఏడాది మధ్యలో మానేయొద్దు, పదో తరగతి పిల్లలు ఏం పాపం చేశారు?

అత్తగారికి ఏం జవాబు చెప్పాలో అడగలేదు మీరు. ఆ ఆరు జాకెట్ల బిల్లు ఆవిడ చేతికివ్వండి చాలు.

ప్రశ్న: నిమ్మకాయల మండీలో గుమస్తాగా చేస్తా ఉండాను. మా యజమాని కొడుకు బెంగళూరులో చదివొచ్చి, ఇన్‌షర్ట్ చేసుకుని బూట్లేసుకుని రమ్మంటా ఉండాడు. ఏం చేసేది?
— గూడూరు

జవాబు: తెల్లారుజామున వేలం పాట మొదలవ్వక ముందు బస్తాలు దించే దగ్గర ఆయన్ని కూడా ఇన్‌షర్ట్‌తో గంటసేపు నిలబడమను. బూట్లు మాత్రం వేసుకో నాయనా, కుళ్లిన కాయల మీద కాలు జారకుండా ఉంటుంది.

ప్రశ్న: ఈ మధ్యే సన్నదు తీసుకుని గూడూరు కోర్టులో జూనియర్‌గా చేరాను. మే నెలలో కూడా నల్లకోటు తియ్యకూడదని మా సీనియర్ గారి పట్టుదల. కోర్టు హాల్లో ఫ్యాను కింద చోటు సీనియర్లకే. చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి. కోటు లేకపోతే జడ్జిగారు కోప్పడతారా?

జవాబు: సీనియర్ గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆయన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు తెరిచి చాలా ఏళ్లయినట్టుంది. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని అందులో స్పష్టంగా ఉంది. గౌను కూడా ఆ రెండు చోట్లే తప్పదు. తెల్ల చొక్కా, మెడకు బ్యాండు మాత్రం ఎండకైనా వానకైనా ఉండాల్సిందే. పై కోర్టుల్లో కూడా వేసవికి కోటు తీసేయనివ్వమని అడిగినవాళ్లున్నారు, 2024లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దానికి మీరు ఇప్పుడే బెంగపడక్కర్లేదు, మీ కేసులు ఇంకా అక్కడిదాకా పోలేదు.

మీరొక్కరే కోటు విప్పి నిలబడితే అది ధిక్కారంలా కనిపిస్తుంది. బార్ అసోసియేషన్ ప్రెసిడెంటుతో చెప్పి, వేసవి మొదలవగానే అందరి తరఫున జడ్జిగారి చెవిన వేయించండి. అప్పుడు మీ సీనియరే ముందు విప్పుతాడు. రోహిణి కార్తె ఆయనకు మాత్రం వేరేగా కాస్తుందా?

ప్రశ్న: తడ వైపు ఒక కంపెనీలో లైన్ ఆపరేటర్‌ని. గూడూరు నుంచి తెల్లారి కంపెనీ బస్సులో పోతాను. బ్యాడ్జీ మరిచిపోతే ఒక జరిమానా, బూట్లు వేసుకోకుంటే ఒక జరిమానా, జుట్టు క్యాపులోంచి బయటికొస్తే ఒక జరిమానా. పోయిన నెల 14,000 జీతంలో 900 కోసేశారు. స్లిప్పులో ‘ఇతరములు’ అని ఉంది. అడిగితే ‘రూల్స్ అమ్మా’ అంటున్నారు.

జవాబు: అమ్మాయ్, రెండు సంగతులు కలిపేశావు. విడదీస్తాను.

జుట్టు క్యాపులో పెట్టమన్నది, బూట్లు వేసుకోమన్నది నీ కోసం. తిరిగే మెషిన్ దగ్గర చున్నీ, వదిలేసిన జడ, గాజులు ఉండకూడదు. ఈ విషయంలో నీ తరఫున ఒక్క ముక్క మాట్లాడను. జడ రోలర్‌లో చిక్కుకున్నాక జరిమానా గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

డబ్బు కోత మాత్రం వాళ్ల ఇష్టారాజ్యం కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న రక్షణే 2019 వేతనాల కోడ్‌లోకి కూడా వచ్చింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దేనికి జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని, పనిచేసే చోట నోటీసు కట్టాలి. వేసే ముందు నీ సంజాయిషీ అడగాలి. అన్నీ కలిపినా ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. వాయిదాల్లో లాగకూడదు, 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. వసూలైన సొమ్మును రిజిస్టరులో రాసి కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి, కంపెనీ గల్లాపెట్టెలో వేసుకోకూడదు.

14,000కు 3 శాతం అంటే 420. నీకు కోసింది 900. ఇది నీ ఒక్కదానికే జరిగి ఉండదు, బస్సులో నీ పక్కన కూర్చునేవాళ్ల స్లిప్పులు కూడా ఫోటోలు తీసి పెట్టు. ముందు హెచ్.ఆర్.కు రాతపూర్వకంగా, ఆ నోటీసు ఎక్కడ కట్టారో చూపించమని అడుగు. పది రోజుల్లో బదులు రాకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. ‘ఇతరములు’ అనే పద్దు కింద ఏం దాక్కుందో ఆయన అడిగితే చెప్తారు.

ప్రశ్న: మా అమ్మాయి మెడికల్ కాలేజీలో చదువుతోంది. జీన్సు వద్దు, టీషర్టు వద్దు, జుట్టు విరబోసుకోవద్దు అని కాలేజీలో ఆర్డరు. డాక్టరు చదువుకు, ప్యాంటుకు సంబంధమేమిటండీ?
— ఒక తల్లి, వెంకటగిరి

జవాబు: 2022లో మన రాష్ట్ర వైద్యవిద్య డైరెక్టరేట్ ఇలాంటి ఆదేశమే ఇచ్చింది. అందులో సగం నాకు నచ్చింది, సగం నచ్చలేదు. జుట్టు ముడి వేసుకోమనడం సబబే, రోగి మీదికి వంగినప్పుడు అది పుండుకు తగలకూడదు. జీన్సు దగ్గర మాత్రం కారణం కనిపించదు. ఉతికిన జీన్సుకూ ఉతికిన ప్యాంటుకూ సూక్ష్మజీవులు తేడా చూపిస్తాయా?

బ్రిటన్ ఆసుపత్రుల్లో 2008 నుంచి ఒక రూలుంది, వార్డులో పనిచేసే డాక్టరుకు మోచేతుల కింద ఏమీ ఉండకూడదు. పొడుగు చేతుల చొక్కా వద్దు, వాచీ వద్దు, ఆఖరికి మనం గౌరవంగా చూసే పొడుగు చేతుల తెల్లకోటు కూడా వద్దు. చేతులు మణికట్టు దాకా శుభ్రంగా కడుక్కోవడానికి అది అడ్డమని. దాన్నంటాను రూలు అని. మీ అమ్మాయిని రోజూ వాచీ తీసి చేతులు కడుక్కుని రోగిని ముట్టుకోమనండి, ప్యాంటు సంగతి కాలేజీ చూసుకుంటుంది.

ప్రశ్న: బ్యాంకు ఇంటర్వ్యూకి జీన్సులో పోవచ్చా?

జవాబు: పోవద్దు. ఉద్యోగం వచ్చాక ఆదివారాలు వేసుకో.

ప్రశ్న: గూడూరులో మా ఆఫీసులో ఆగస్టు 7న అందరూ చేనేత కట్టుకురావాలన్నారు. బజార్లో ‘వెంకటగిరి’ అని ఏడొందలకే ఇస్తున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు, దాన్ని వెంకటగిరి చేనేత అనుకోకుండా కొనొచ్చు. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమం గుర్తుగా 2015 నుంచి ఆ రోజును చేనేత దినోత్సవం చేశారు. ఆ రోజు మిల్లు చీర కట్టుకుని ఫోటో దిగితే ఆ ఉద్యమం చేసినవాళ్లు నవ్వుకుంటారు.

గూడూరులో ఉండి వెంకటగిరి చీర బజార్లో వెతకడమేమిటి? రేణిగుంట వైపు పోయే ప్యాసింజరెక్కితే వెంకటగిరి స్టేషన్‌లో దిగొచ్చు. మగ్గం ఉన్న ఇంటికే వెళ్లి అడగండి. జాందానీ బుటా ఉన్న చీరైతే తిరగేసి చూడండి. చేత్తో వేసిన బుటా వెనక వైపు కూడా ఇంచుమించు ముందులాగే నీటుగా ఉంటుంది. మిల్లు బుటా వెనక దారాలు వేలాడతాయి, లేదా కత్తిరించిన కొసలు గుచ్చుకుంటాయి. చేనేత ముద్ర ఉందా అని కూడా అడగండి.

జరీ చీర కొనలేకపోతే సాదా నూలు చీర కొనండి. అంచు సన్నగా ఉన్నా సరే, ఈ ఎండకు దాన్ని మించింది లేదు. చెమట పీల్చుకుంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. గంజి పెట్టుకోవడం ఒక్కటే శ్రమ. ఇంకో మాట, మీ ఆఫీసరు గారిని కూడా అడగండి. స్టాఫు అందరూ చేనేత కట్టాలన్నారు కదా, ఆఫీసు తరఫున సహకార సంఘం నుంచి ఒక్కసారే తెప్పించి, జీతంలో నెలనెలా కొద్దికొద్దిగా పట్టుకునే ఏర్పాటు చేయొచ్చుగా. నేతగాడికి ఒక్కసారి డబ్బు ముడుతుంది, మీకు భారం తెలియదు. రూలు పెట్టినాయన ఆ మాత్రం శ్రమ పడాలి.

ప్రశ్న: నా భార్య సచివాలయంలో ఉద్యోగి. రోజూ చుడీదారే. పెళ్లయిన ఆడది చీర కట్టుకుంటేనే జనం గౌరవిస్తారని చెప్తే వినదు. మీరైనా చెప్పండి.

జవాబు: పింఛన్లివ్వడానికి ఇల్లిల్లూ తిరిగేది ఆవిడ, మీరు కాదు. ముందు మీరు వారం రోజులు పంచె కట్టుకుని మీ ఆఫీసుకు వెళ్లండి, బస్సెక్కండి, మెట్లెక్కండి. తర్వాత మళ్లీ రాయండి.